యాకోబన్న నేర్పిన కబురు

మొన్న కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు ఒక ఊరికి వెళ్లినప్పుడు ఒక ఇంట్లో స్టీలు గ్లాసుతో నీళ్లు ఇచ్చారు. క్యాను నీళ్లు కావు, బోరు నీళ్లు. మొదట నాలుకకు ఇనుము తగిలింది, గొంతు దిగేటప్పుడు కొంచెం ఉప్పదనం. గ్లాసు సగం కాకముందే నాకు యాకోబన్న గుర్తొచ్చాడు. ఇప్పుడు కోరుట్లలోనైనా జగిత్యాలలోనైనా ఎవరింటికి పోయినా ఇరవై లీటర్ల క్యాను నీళ్లే. అందరి ఇళ్లలో ఒకటే రుచి. యాకోబన్న తిరిగిన కాలంలో అలా ఉండేది కాదు. కళ్లకు గుడ్డ కట్టి నీళ్లు తాగించినా ఏ ఊరివో చెప్తానని ఆయన పందెం కాసేవాడు, చెప్పేవాడు కూడా. చుట్టుపక్కల ఇన్ని ఊళ్ల నీళ్లు తాగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయన ఎందుకు తాగవలసి వచ్చిందో చెప్పాలంటే ముందు నా గురించి కొంత చెప్పుకోవాలి. అది నాకు ఇష్టమైన పని కాదు, అయినా చెప్తాను.

సారంగాపూర్ వైపు ఒక ఊళ్లో మాకు గడి, అంటే దొరల కోట లాంటి ఇల్లు, ఉండేది. మా తాత కాలంలో ఆ ఊరితో పాటు మరో రెండు ఊళ్లు మా మాట మీద నడిచేవి. తర్వాత రోజులు మారాయి. మా నాన్న ఒక పొద్దున ఒక ట్రంకు పెట్టెతో జగిత్యాల వచ్చేశాడు. భూములు కొన్ని పోయాయి, కొన్ని అమ్ముకున్నాం. గడి తలుపులు ఎవరో ఊడదీసుకుపోయారు. నా దాకా వచ్చింది ఇంటిపేరు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నిటారుగా నిలబడే అలవాటు. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి బతికాను. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఎవరితోనూ కలవలేదు కూడా. ఆ రెండూ ఒకటేనని అప్పట్లో నా అభిప్రాయం.

నా భార్య సుగుణ జబ్బుచేసి దాదాపు ఏడాది మంచం పట్టింది. బంధువులు ఫోన్లు చేసి పరామర్శించారు. వెనుక వీధిలో బీడీలు చేసుకునే ఇద్దరు ఆడవాళ్లు మాత్రం రోజూ వచ్చి, ఆమె తల దువ్వి, ఇంత గంజి కాచి తాగించి, పక్కన కూర్చుని ప్రార్థన చేసి వెళ్లేవారు. లేచి తిరగగలిగిన మొదటి ఆదివారమే సుగుణ వాళ్ల మందిరానికి వెళ్తానంది. నేను కాదనలేదు. స్కూటర్ మీద గేటు దగ్గర దింపి, ఆరాధన ముగిసేదాకా బయట ఎండలో నిలబడేవాణ్ని. లోపలికి పోలేదు. అక్కడ కూర్చునేవాళ్లలో చాలామంది మా పాత ఊళ్ల వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల తాతలు మా గడి ముందు నుంచి పోవలసి వస్తే చెప్పులు విడిచి చేత పట్టుకుని నడిచినవాళ్లు. వాళ్ల పక్కన జంపఖానా మీద కూర్చోవడం నాకు చేతకాదనుకున్నాను. అలా రెండేళ్లు నిలబడ్డాను.

ఒక ఆదివారం సన్నగా పొడుగ్గా ఉన్న ముసలాయన ఒకరు లోపలి నుంచి గేటు దాకా వచ్చాడు. తెల్లపంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, మెడలో తువ్వాల. వరండాలో అందరూ విడిచిన చెప్పులను చూపించాడు. ఒక కుక్క మరిగి వారానికో చెప్పు ఎత్తుకుపోతోందట, అది కూడా కొత్తవే ఏరుకుంటోందట.

"ఊకె నిలవడ్డవ్ గదా తమ్మీ, జర గీ చెప్పులు చూసుకో," అన్నాడు.

నేనెవరో తెలియక అన్నాడనుకుని, ఫలానా ఊరి ఫలానా వారి మనవణ్నని చెప్పాను. అందరూ నన్ను దొర అంటారని కూడా చెప్పాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ చెప్పాను.

"ఎర్కే," అన్నాడాయన. "గా మాట మా నాయిన పుట్టిన కాడికెల్లి సచ్చేదాక అన్నడు. మా ఇంటి వాటా మొత్తం ఆయినె ఖర్సు జేసిండు. నా దగ్గర ఇంక మిగల్లె, తమ్మీ."

గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు గంటన్నర సేపు నేను ఆ చెప్పులకు కాపలా ఉన్నాను. ఎందుకు ఉన్నానో నాకు తెలియదు. వెళ్లిపోవచ్చు, ఎవరూ ఆపేవారు కాదు. కుక్క వచ్చింది, అదిలించాను, దూరంగా కూర్చుని నన్ను చూసింది. నాలుగు వారాలు ఒక్క చెప్పు పోలేదు. అయిదో వారం యాకోబన్న మళ్లీ గేటు దాకా వచ్చి, "కుక్క మారుమనసు పొందింది. ఇగ నువ్వు లోపటికి రా," అన్నాడు. నేను నవ్వాను. నవ్విన తర్వాత బయట నిలబడడం కష్టం. లోపల ఎవరో పరుగున చేతుల కుర్చీ తెచ్చి ముందు వరుసకు ఎదురుగా వేశారు. యాకోబన్న గోడ దగ్గర తన పక్కన కొంచెం జరిగి చోటు చేశాడు, అంతే. నేను జంపఖానా మీద కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి పెట్టాయి. ఆ ఖాళీ కుర్చీ ఆరాధన అయ్యేదాకా అలాగే ఉంది.

ఆ సంఘంలో పనులు ఎవరికి వారే ఎత్తుకునేవారు. ఒకరు జంపఖానాలు దులిపేవారు, ఒకరు ప్రభు భోజనపు గిన్నెలు కడిగేవారు, పండుగలకు వడ్డన ఒకరిది. యాకోబన్న పని కబురు. సంఘంలో ఎవరు చనిపోయినా కోరుట్ల వీధులకూ చుట్టూ ఉన్న ఊళ్లకూ ఆయనే పోయి చెప్పి వచ్చేవాడు. మొదట సైకిలు మీద, తర్వాత ఎవరైనా బండి మీద ఎక్కించుకుంటే వాళ్ల వెనుక. అప్పటికే అందరి జేబుల్లోకి ఫోన్లు వచ్చాయి. అయినా చావు కబురు ఫోన్లో చెప్పనిచ్చేవాడు కాదు. నాకు స్కూటర్ ఉంది గనుక ఆదివారాలు అటూ ఇటూ తీసుకుపోయే పని నాకు పడింది. అలాంటి ఒక ప్రయాణంలోనే ఆయన తన తండ్రి గురించి చెప్పాడు. ఆ తండ్రి మా గడికి వెట్టి చేసినవాడు. కూలి లేదు, కాదనే హక్కు లేదు. చావులూ పెళ్లిళ్లూ బంధువులకు చెప్పి రావడం ఆయన పని. మా ఇంట్లో ఆయన్ను కబురోడు అనేవారు, అది నేనూ విన్నాను. ఎండైనా వానైనా పోవాలి, పోయిన చోట గడప బయట నిలబడి అరిచి చెప్పాలి, నీళ్లు కావాలంటే దోసిలి పట్టాలి.

"ఆయిన పేరు లచ్చయ్య," అన్నాడు యాకోబన్న. "మీ ఇంట్ల ఎవలకన్న ఎర్కనా?"

లేదన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా వీల్లేనంతగా తెలియదు.

తండ్రి బలవంతం మీద చేసిన పనే మళ్లీ ఎందుకు ఎత్తుకున్నావని అడిగాను. నా స్థానంలో ఎవరైనా అడుగుతారు. ఆయన స్కూటర్ వెనుక నుంచి నా చెవి దగ్గరికి వంగి అన్నాడు: "మా నాయిన పోకపోతె దెబ్బలు వడుతుండె. నేను పోకపోతె ఎవ్వడేమనడు. గందుకే పోత."

ఆ పనికి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. బండి మీద నుంచి చెప్పకూడదు, దిగాలి. చెప్పులు విడిచి లోపలికి పోవాలి. ముందు నీళ్లు అడగాలి. నీళ్లు తెచ్చే లోపల మన ముఖం చూసి వాళ్లకు సగం అర్థమవుతుంది, ఆ సగం వాళ్లంతట వాళ్లే అర్థం చేసుకోవాలి. తాగిన తర్వాత, వాళ్లు కూర్చున్న తర్వాత, పేరు చెప్పాలి. చెప్పి వెంటనే లేవకూడదు. ఫోన్లో చెబితే ఏం పోయిందని ఒకసారి నేను వాదించాను. ఒక పూట తిరుగుడు పది నిమిషాల్లో తేలిపోతుంది కదా అన్నాను, లెక్కల మాస్టరును కదా. ఆయన జవాబు చిన్నది. "ఫోన్ల జెప్పితె గా ఇంట్ల మనిషి ఒక్కతె ఉంటది. మనం పోతె ఇద్దరుంటరు." ఇన్ని ఊళ్ల నీళ్ల రుచి ఆయన నాలుక మీదికి వచ్చింది ఈ దారినే.

ఇక నేను చేసిన పని. మా సంఘంలో దానియేలు అనే అతను సిరిసిల్లలో సాంచెల మీద పనిచేసేవాడు, మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. భార్య కరుణ కోరుట్లలో ఉండేది, అతను శనివారాలు ఇంటికి వచ్చేవాడు. అతనికి తల్లీ తండ్రీ లేరు. ఇబ్రహీంపట్నం వైపు ఒక ఊళ్లో ఉన్న అక్క రూతమ్మే పెంచింది. ఆమె భర్త దుబాయిలో పోయాడు. బీడీలు చేసుకుంటూ, తెల్లవారుజామున బయలుదేరి రెండు ఆటోలు మారి ప్రతి ఆదివారం మందిరానికి వచ్చేది. ఆమెకు ఫోను లేదు. ఒక ఎండాకాలం తెల్లవారుజామున దానియేలు సాంచె దగ్గరే కూలిపోయి చనిపోయాడు. శవాన్ని తీసుకురావడానికి యాకోబన్న మరో ఇద్దరితో సిరిసిల్ల బయలుదేరాడు. పోతూ పోతూ ఇబ్రహీంపట్నం దారిలో ఉన్న పదకొండు ఇళ్ల పని నాకు అప్పగించాడు. నేను ఒంటరిగా పోవడం అదే మొదటిసారి.

"ఆఖర్కి రూతమ్మ. ఆమె దగ్గర కూసో తమ్మీ, ఎంతసేపైనా సరే," అన్నాడు.

పది ఇళ్లకు పద్ధతి ప్రకారమే పోయాను. పదో ఇంటి నుంచి బయటపడేసరికి మూడు దాటింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పది ఇళ్ల ఏడుపు ఒంటి మీద ఉంది. రూతమ్మ ఊరికి మలుపు తిరిగే చోట సైకిలు మీద ఒక మనిషి ఎదురయ్యాడు. మా పాత ఊరివాడు, ఆ ఊళ్లో ఇల్లరికం ఉంటున్నాడు. నన్ను చూడగానే సైకిలు దిగి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి, దండం దొరా అన్నాడు. ఆ మాట విని ఎన్నాళ్లయిందో. ఒళ్లంతా ఒక్కసారి చల్లబడింది. స్కూటర్ దిగకుండానే అతనికి చెప్పాను. రూతమ్మ తమ్ముడు పోయాడు, రేపు ఎనిమిదింటికి సమాధి, పోయి చెప్పు, ఆమెను పంపించు అని. అతను అట్లనే దొరా అన్నాడు. నేను స్కూటర్ వెనక్కి తిప్పాను. నా మనసులో ఏ అనుమానమూ లేదు. మా ఇంట్లో ఒక మాట చెబితే అది జరిగిపోయినట్టే లెక్క. అది నా రక్తంలో ఉన్న లెక్క.

ఆ సాయంత్రం శవంతో పాటు వచ్చిన యాకోబన్న మొదట అడిగింది రూతమ్మ గురించే. కబురు అందిందని చెప్పాను. ఆయన తలాడించి కరుణ దగ్గరికి వెళ్లాడు. పొద్దున ఎనిమిదింటికి రూతమ్మ రాలేదు. తొమ్మిదిదాకా ఆపారు. బయలుదేరి ఉంటుంది, దారిలో ఉంటుంది అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. నిన్న తెల్లవారుజాము నాటి శవం, పైన ఎండ, ఇంక ఆపలేకపోయారు. ఆ సైకిలు మనిషి తప్పేమీ లేదు. ఇంటికి పోయేసరికి అతని బర్రె ఈనడానికి అవస్థ పడుతోందట. తెల్లవార్లూ దానితోనే సరిపోయింది, పొద్దెక్కిన తర్వాత గుర్తొచ్చి పరుగెత్తి చెప్పాడు.

రూతమ్మ పదకొండింటికి వచ్చింది. సమాధుల దగ్గర మేము అయిదారుగురం మిగిలాం. తడి మట్టి దిబ్బను చూసి ఆమె ఏడవలేదు. పక్కన కూర్చుని, దిబ్బ మీద ఒక చోట పెళ్లను వేళ్లతో చిదిపి చదును చేసింది. తర్వాత తలెత్తి, "నా ఇంటికి ఎవలు అచ్చిండ్రు?" అని అడిగింది.

నేను మూడు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. యాకోబన్న నా వైపు చూడలేదు కూడా.

"నా పని చెల్లె," అన్నాడు. "నేనే తప్పిన."

"ఇన్నేండ్ల సంది నీ కాలు ఒక్క ఇల్లు తప్పలె, యాకోబన్నా. తప్పాల్సి అస్తె నా ఇల్లే దొరికిందా?" అంది. గొంతు పెంచలేదు. "వాని మొఖం సూడనియ్యకపోతిరి." లేచి, వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది. ఆ తర్వాతి ఆదివారం మందిరానికి రాలేదు. దాని తర్వాతా రాలేదు.

ఆ సాయంత్రమే పాస్టరు అయ్యగారి ముందూ సంఘపెద్దల ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. ముసలాయన మతిమరుపు అని అప్పటికే కొందరు అనడం మొదలుపెట్టారు, అది నేను భరించలేకపోయాను. అంతటితో ఆగక, ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి సంఘమంతటి ముందు ఒప్పుకుంటానన్నాను. నిజం చెప్పాలంటే నేను చెప్పబోయే మాటలు అప్పటికే సిద్ధం చేసుకున్నాను, బాగున్నాయి కూడా. యాకోబన్న వద్దన్నాడు. నేను చూసినంతలో ఆయన నాతో కఠినంగా మాట్లాడింది అప్పుడొక్కసారే.

"సంఘం ముందట ఏడిస్తె సంఘం నిన్నే ఓదారుస్తది. నువ్వు తేలికైతవ్. ఓదార్పు రావల్సింది ఆమెకు. ఆమె ఇంటికి పో."

మూడో రోజు వెళ్లాను. రూతమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తడిపిన తునికాకు వాసన వీధి మొగదల దాకా వస్తోంది. ఆకు కత్తిరించడం, పొడి పోయడం, చుట్టడం, దారం కట్టడం, ఆమె చేతులు ఆగలేదు. నేను నిలబడే చెప్పాను. దారిలో మరొకడికి అప్పగించి వెనుదిరిగానని, సమాధి దగ్గర నోరు తెరవక నిలబడ్డది కూడా నేనేనని చెప్పాను. అంతా విన్నది. చుట్టిన బీడీ చివర గోటితో మడిచి, కట్టలో పెట్టి, అప్పుడు అన్నది:

"మీరు పంపుడు మరిగినోళ్లు. పోవుడు మీకు రాదు."

తర్వాత పొమ్మంది. వచ్చాను. తిరుగు దారంతా ఆ మాటే. మా తాతను ఎందరో తిట్టి ఉంటారు, మా నాన్నను గోడల మీద రాసి తిట్టారు. అవేవీ నాకు తగలలేదు. ఇది తగిలింది, ఎందుకంటే ఇందులో తిట్టు లేదు. లెక్కల్లో ఎక్కడ తప్పిందో వేలుపెట్టి చూపించినట్టు ఉంది.

యాకోబన్నకు చెప్పాను, ఇక ఆ గడప తొక్కే అవకాశం లేదన్నాను. ఆయన నిదానంగా అడిగాడు, "పొమ్మన్నదా, మల్ల రావద్దన్నదా?" పొమ్మంది, అంతే అన్నాను. "మరింకేంది. ఐతారం ఆరాధన ఎన్ని గంటలకో ఆమెకు ఎవలు జెప్తరు?" అన్నాడు. ఆరాధన పది గంటలకని అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు. రూతమ్మకు నాకన్నా ఎక్కువ తెలుసు. అయినా ఆ శనివారం బడి వదలగానే వెళ్లి, అరుగు కింద నిలబడి, రేపు పది గంటలకు ఆరాధన అని చెప్పాను. ఆమె తలెత్తలేదు. తిరిగి వచ్చాను. ఆ తర్వాతి శనివారం మళ్లీ వెళ్లాను.

అలా ఏడాది దాటింది. వానల్లో ఆ మట్టిదారిలో రెండుసార్లు పడ్డాను. పసుపు ఉడికించే రోజుల్లో ఆ ఊరంతా ఒకటే వాసన, చొక్కాకు పట్టి ఇంటిదాకా వచ్చేది. నా రాక ఆ వీధికి అలవాటైంది. పక్కింటి ముసలమ్మ ఒకసారి గోడ మీద నుంచి, "ఏందే రూతీ, గంట కొట్టనీకె దొరను జీతం వెట్టుకున్నవా?" అని అడిగింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నవ్వారు. రూతమ్మ నవ్వలేదు, ఆకు కత్తిరిస్తూనే ఉంది. నాకు చెవులు కాలిపోయాయి. ఇంటికి వచ్చి ఇక పోనని సుగుణతో అన్నాను. ఆమె మాసిన చొక్కా తీసి నీళ్లలో నానబెట్టింది. శనివారానికి ఇస్త్రీ చేసి తలుపు వెనుక తగిలించింది.

రెండో ఎండాకాలంలో అనుకుంటాను, ఎప్పటిలాగే చెప్పి తిరగబోతుంటే రూతమ్మ తలెత్తకుండానే ఒక మాట అంది. "చెప్పులు ఎండల ఇడుస్తున్నవ్. కాళ్లు కాల్తయ్. నీడకు ఇడువు." అంతే. కోరుట్ల చేరి నేరుగా యాకోబన్న ఇంటికి పోయి ఆ మాట అప్పజెప్పాను, పరీక్ష పాసైన పిల్లవాడిలా. ఆయన మంచం మీద ఉన్నాడు. అప్పటికే దగ్గు పట్టుకుంది. విని చాలాసేపు నవ్వాడు, నవ్వు దగ్గయింది.

ఆయన మంచం పట్టిన ఆ నెలల్లో నేను తరచూ పోయి కూర్చునేవాణ్ని. కబుర్ల పని అప్పటికి నాది. సంఘంలో కొందరు కుర్రవాళ్లు ఫోన్లో గ్రూపు పెడదామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఒకసారి ఆయన్ను అడిగాను, నాలో ఇంకా గర్వం పోలేదు, ఒక్కో గడప దగ్గర నడుము వంచడం ఇప్పటికీ కష్టంగానే ఉంది, ఏం చేయమంటావని. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, కట్టెను చూసినట్టు చూశాడు. "వంచుమని ఎవలన్నరు? మోసెటోనికి నడుము నిట్టగనే ఉండాలె," అన్నాడు. నన్ను మార్చాలని ఆయన ఎన్నడూ ప్రయత్నించలేదు. ఉన్నదాన్ని పనిలో పెట్టాడు.

ఆ చలికాలం ఒక బుధవారం పొద్దున ఆరింటికి యాకోబన్న పోయాడు. నేను పక్కనే ఉన్నాను. పాస్టరు అయ్యగారు కళ్లు తుడుచుకుంటూ, ఈసారికి ఫోన్లు చేద్దామా, నువ్వు కూడా ఇక్కడ ఉండాలి కదా అన్నారు. నేను స్కూటర్ తీశాను. కోరుట్ల వీధులు ఇద్దరు కుర్రవాళ్లు నడిచి చెప్తామన్నారు, వాళ్లకు పద్ధతి చెప్పాను. ఇబ్రహీంపట్నం దారి నేను తీసుకున్నాను. ఆఖరున ఉన్న ఇంటికి ఈసారి మొదట పోయాను.

మంచు ఇంకా విడవలేదు. రూతమ్మ అరుగు మీద ఆకు సర్దుకుంటోంది. స్కూటర్ చప్పుడుకు తలెత్తింది. అన్ని నెలల్లో నన్ను చూసి తలెత్తడం అదే మొదటిసారి.

"ఇయ్యాల బుధారం గదా," అంది.

నేను అరుగు ఎక్కి కూర్చున్నాను. ఆమె చాట పక్కకు పెట్టింది. ఒళ్లో పడ్డ ఆకు ముక్కలను ఒక్కొక్కటే ఏరి చాటలో వేసింది.

"యాకోబన్ననా?"

అవునన్నాను. ఎప్పుడని అడిగింది, చెప్పాను. బాధ పడ్డాడా అని అడిగింది, లేదన్నాను, అది నిజమే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు దిబ్బ దగ్గర ఏడవని ఏడుపు కూడా అందులో ఉందని నాకు అనిపించింది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. మంచు తేలిపోయి ఎండ అరుగు మీదికి వచ్చింది. పక్కింటి ముసలమ్మ గోడ దగ్గరికి వచ్చి, మా ఇద్దరినీ చూసి వెనక్కి తిరిగింది.

"ఇంకెన్ని ఇండ్లున్నయ్?" అంది రూతమ్మ చివరికి.

పది అన్నాను.

"ఎవల్నన్న పంపుతవా?"

అడిగేటప్పుడు ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. లేదు, నేనే పోతానన్నాను. ఆమె లేచి, లోపలికి పోయి ముఖం కడుక్కుని, మంచి చీర కొంగు తల మీదికి కప్పుకుని, తలుపుకు తాళం వేసింది.

"నడు, నేను గూడ అస్త. ఆడోళ్లు ఏడుస్తె నువ్వు గోడ లెక్క నిలవడతవ్. గా పని నీతోని గాదు," అంది.

స్కూటర్ వెనుక ఎక్కి కూర్చుంది. మట్టిదారి గుంతల్లో ఒకటి రెండుసార్లు నా భుజం పట్టుకుంది. మొదటి ఇంట్లో నేను పేరు చెప్పాను, ఆమె ఆ ఇంటి ఇల్లాలి చెయ్యి పట్టుకుంది. పది ఇళ్లూ అలాగే తిరిగాం. దారిలో మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఒక చోట మాత్రం, వెనుక నుంచి, దానియేలుకు చిన్నప్పుడు సైకిలు నేర్పింది యాకోబన్నేనని చెప్పింది. తమ్ముడి పేరు ఆమె నా ముందు అనడం అదే మొదలు. మధ్యాహ్నానికి కోరుట్ల చేరాం. ఆ సాయంత్రం యాకోబన్నను మట్టిలో పెట్టేటప్పుడు ఆమె ముందు నిలబడి చూసింది, చివరి పెళ్ల పడేదాకా. శనివారం నేను అలవాటు కొద్దీ వాళ్ల ఊరికి బయలుదేరబోతుంటే, సమాధి రోజే ఆమె ఆదివారం తానే వస్తానందని, నిన్ను ఊరికే పెట్రోలు కాల్చవద్దందని సుగుణ చెప్పింది.

అప్పటి నుంచి ఆ దారి మా ఇద్దరిదీ. ఇప్పుడు ఆమెకు మోకాళ్లు పట్టాయి, ఆటోలో వస్తుంది. నాకు స్కూటర్ మీద దూరం పోవడం చేతకాదు, నేనూ ఆటోలోనే. సంఘానికి ఫోన్లో గ్రూపు ఉంది, పెళ్లిళ్లూ పుట్టినరోజులూ అందులో వస్తాయి. చావు మాత్రం మేమే తీసుకుపోతాం. ఇన్నేళ్లు చేసినా అది నాకు సులువు కాలేదు. ప్రతి ఇంటి ముందూ దిగిన తర్వాత గుమ్మం ఎక్కేముందు ఒక్క నిమిషం ఆగుతాను. లోపల ఎవరో అన్నం కలుపుకుంటూ ఉంటారు, ఎవరో పిల్లను కసురుతూ ఉంటారు, టీవీ మోగుతూ ఉంటుంది. నేను లోపలికి పోయి పేరు చెప్పిన తర్వాత ఆ ఇల్లు అలా ఉండదు. వాళ్లకు మిగిలిన ఆ నిమిషాన్ని తొందరపెట్టే హక్కు నాకు లేదు, దాన్ని ఇంకొకరి చేతికిచ్చి తప్పుకునే హక్కూ లేదు. రూతమ్మ నా వెనుక వచ్చి నిలబడేదాకా ఆగి, అప్పుడు పిలుస్తాను.